కాలేజీ ఒరిజినల్స్ ఇవ్వనంటోంది, మెమోలో పేరు తప్పు, పైగా మీద ఒక కేసు: 37 ఏళ్లకు మళ్లీ చదువు మొదలుపెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీకు 37 ఏళ్లు. 2012లో డిగ్రీ ఫైనలియర్‌లో రెండు పేపర్లు మిగిలుండగా ఇంటి పరిస్థితుల వల్ల ఆపేశారు. ఇప్పుడు ఓపెన్ యూనివర్సిటీలో చేరి డిగ్రీ పూర్తి చేద్దామనుకుంటే, పాత ప్రైవేటు కాలేజీవాళ్లు 18,000 రూపాయల బాకీ కడితేనే టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇస్తామంటున్నారు. టెన్త్‌లో పేరు ఒకలా, ఇంటర్ మెమోలో ఇంకోలా ఉంది. ఇవి చాలవన్నట్టు పక్కింటివాళ్లతో గోడ గొడవలో మీ మీద కొట్లాట కేసు నడుస్తోంది, కేసున్నవాళ్లకు సీటివ్వరని ఎవరో చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు ఈ వయసులో ఇదంతా అవసరమా అని అడిగారు.

అవసరమా కాదా అనేది మీరే తేల్చుకోవాలి. మిగతావాటికి సూటిగా చెప్తాను. బాకీ పేరు చెప్పి మీ టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఆపే హక్కు కాలేజీకి లేదు. కేసు నడుస్తోందని చదువుకోనివ్వకుండా ఆపే చట్టమూ లేదు. పేరు తేడా చిరాకు పనే కానీ సరయ్యే పని. మూడింటికీ మందు ఒకటే: ఇకనుంచి ఎవరితోనూ నోటిమాట మీద మాట్లాడకండి. అడిగేది కాగితం మీద అడగండి, వాళ్లు "కుదరదు" అంటే ఆ కుదరదు అన్నదే కాగితం మీద రాయించుకోండి. ఆఫీసుల్లో నేను గెలిచినవన్నీ చిన్న చిన్న గెలుపులే, అన్నీ ఇలా గెలిచినవే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే ఈమెకేం తెలుసు అనుకుంటారు. డిగ్రీ మధ్యలో ఆపేసి, 34 ఏళ్లకు మళ్లీ మొదలుపెట్టాను. ఆ తర్వాత ఎల్‌ఎల్‌బీ చేసి, ఇప్పుడు కింది కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మీలాంటివాళ్లే: వయసు మీద పడ్డాక చదువు మొదలుపెట్టి, సిలబస్ కంటే ముందు క్లర్కుల దగ్గర ఫెయిలయ్యేవాళ్లు.

ముందు ఒరిజినల్స్ సంగతి. ఇక్కడ లా కొంచెం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. ఎవరైనా మీ వస్తువును బాకీ కింద పట్టుకుని కూర్చోవాలంటే దానికో హక్కు ఉండాలి. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్‌లో ఆ హక్కు ఎవరెవరికి ఉందో లిస్టు ఉంది: బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు అనే కమీషన్ ఏజెంట్లు, రేవులో సరుకు దింపుకునేవాళ్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లు. అంతే. మిగతా ఎవరికీ లేదు, ప్రత్యేకంగా ఒప్పందం రాసుకుంటే తప్ప అని కూడా అక్కడే ఉంది. ఆ లిస్టులో కాలేజీ ఎక్కడా లేదు. ఆ మాటకొస్తే, లిస్టులో అటార్నీలున్నా, క్లయింటు ఫైళ్ల మీద మా లాయర్లకే ఆ హక్కు లేదు. ఫీజు ఇవ్వలేదని క్లయింటు ఫైలు పట్టుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్‌.డి. సక్సేనా కేసులో చెప్పేసింది. ఫైలు అమ్ముకునే సరుకు కాదు కదా, దాన్ని తాకట్టులా ఎలా ఉంచుకుంటారు అన్నది అక్కడి తర్కం. మీ టెన్త్ మెమోకి కూడా అదే వర్తిస్తుందని వాదించొచ్చు, మీకు తప్ప అది ఎవరికి పనికొస్తుంది?

దీనికి తోడు యూనివర్సిటీలను, కాలేజీలను పర్యవేక్షించే యూజీసీ 2018 అక్టోబరులో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ టైములో ఒరిజినల్స్ చూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు, సెల్ఫ్ అటెస్టెడ్ కాపీలు మాత్రమే ఉంచుకోవాలి అని. మీరు చేరింది అంతకుముందు కాబట్టి "అది మాకు వర్తించదు" అంటారేమో. మీరు చేరిన తేదీ గురించి వాదనకు దిగకండి, వాళ్లు ఇవాళ కూడా పట్టుకునే ఉన్నారు, మీ ఫిర్యాదు ఇవాళ్టి గురించి అని చెప్పండి.

ఒక మెలిక ఉంది, దాచను. ఒరిజినల్స్ వేరు, టీసీ వేరు. టెన్త్, ఇంటర్ మెమోలు మీవి, మీరు వాళ్లకు ఇచ్చినవి. టీసీ వాళ్లు తయారుచేసి ఇచ్చే కాగితం, దానికి నో డ్యూస్ (బాకీలేవీ లేవనే కాగితం) అడుగుతారు, అక్కడ వాళ్ల వాదనకు కొంచెం బలం ఉంటుంది. అందుకే రెండూ ఒకే లెటర్‌లో అడక్కండి. అడిగితే టీసీ పేరు చెప్పి మొత్తానికే ఆపేస్తారు. ముందు ఒరిజినల్స్ చేతికి రానివ్వండి. అడ్మిషన్‌కు టీసీ కావాలా వద్దా అనేది మీరు చేరబోయే చోట ప్రాస్పెక్టస్‌లో చూడండి. చాలామంది అవసరం లేని కాగితం కోసం చెప్పులరిగేలా తిరుగుతుంటారు, నేనూ తిరిగాను.

ఇక బాకీ. ఆ 18,000 దేనిదో ముందు తేల్చుకోండి. మీరు కట్టాల్సిన ఫీజా, లేక ప్రభుత్వం నుంచి రావాల్సిన రీయింబర్స్‌మెంట్ రాలేదని మీ మీద రాసుకున్నదా? రెండోదైతే అది మీ బాకీ అనడమే అన్యాయం. మొదటిదే అయినా, ప్రైవేటు సంస్థ డబ్బు వసూలుకు దావా వేయాలంటే లిమిటేషన్ (చట్టం పెట్టిన గడువు) మూడేళ్లు. 2012 నాటి బాకీకి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. (ప్రభుత్వ కాలేజీ అయితే లెక్క వేరు, ప్రభుత్వం వేసే దావాకు 30 ఏళ్లు గడువుంటుంది.) గడువు దాటితే బాకీ మాయమైపోదు, కోర్టుకెళ్లి వసూలు చేసుకునే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. క్లర్కు చాలా మర్యాదగా ఒక తెల్లకాగితం ఇచ్చి, "ఏం లేదమ్మా, ఫలానా మొత్తం బాకీ ఉన్నాను, త్వరలో కడతాను అని రాసి సంతకం పెట్టండి, సార్‌తో మాట్లాడి ఇప్పించేస్తాను" అంటాడు. ఆ సంతకం పెట్టకండి. కాలం చెల్లిన బాకీని కూడా తిరిగి కడతానని రాతపూర్వకంగా మాటిస్తే అది కొత్త ఒప్పందం అవుతుంది, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఆ వెసులుబాటు ఉంది. అంటే చచ్చిపోయిన బాకీకి మీరే ప్రాణం పోసినట్టు. కట్టాలనిపిస్తే కట్టండి, మీ మనస్సాక్షి మీ ఇష్టం, కానీ రసీదు తీసుకుని కట్టండి, కాగితాలు అందాకే కట్టండి.

అలాగే అప్పట్లో చేరేటప్పుడు మీరేమైనా అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. 171లో "ఒప్పందం ఉంటే తప్ప" అన్న ముక్క ఉందన్నాను కదా, వాళ్లు పట్టుకుంటే దాన్నే పట్టుకుంటారు. నా అనుభవంలో ఆ కాగితం వాళ్ల దగ్గర కూడా ఉండదు. ఉందంటే జిరాక్స్ ఇవ్వమనండి.

లెటర్ ఎలా రాయాలి? చిన్నగా. "నేను ఫలానా సంవత్సరంలో ఫలానా కోర్సులో చేరాను, హాల్ టికెట్ నంబరు ఫలానా. చేరేటప్పుడు నా టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ ఆఫీసులో ఇచ్చాను. అవి నాకు కావాలి. 15 రోజుల్లో ఇవ్వగలరు. ఇవ్వడం కుదరకపోతే కారణం, ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా తెలుపగలరు." ఇంతే. మీ కష్టాలు, పిల్లలు, ఆరోగ్యం ఏమీ రాయకండి. జాలి కోరే లెటర్ మీద జాలితోనే నిర్ణయం జరుగుతుంది. కారణం అడిగిన లెటర్‌కు కారణం రాయాలి, రాసిన వ్యక్తి దాని కింద సంతకం పెట్టాలి, అక్కడ ఇబ్బంది మొదలయ్యేది వాళ్లకే.

నా విషయంలో ఏం జరిగిందో చెప్తాను. మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి సార్ లేరు, రెండోసారి బీరువా తాళం వేరే వాళ్ల దగ్గరుంది, మూడోసారి "మీ బ్యాచ్ రికార్డులు పైన ఉన్నాయి, వెతకాలి". నాలుగోసారి పై లెటర్ రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ వేసి ఆఫీసు ముద్ర వేయమన్నాను. ముద్ర వేసే పద్ధతి లేదన్నాడు. సరే, పద్ధతి లేదని దీని వెనకాలే రాసిచ్చేయండి అని కాపీ తిప్పి పెన్ను ఇచ్చాను. నిజంగా అంతే అన్నాను, గొంతు కూడా పెంచలేదు, లోపల మాత్రం టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. అతను పెన్ను తీసుకున్నాడు, క్యాప్ తీశాడు, కాగితం వైపు కాసేపు చూశాడు, మళ్లీ క్యాప్ పెట్టేసి లోపలికి వెళ్లాడు. పావుగంటకు సూపరింటెండెంట్ బయటికొచ్చి ఇన్‌వార్డ్ నంబరు (లెటర్ అందినట్టు రిజిస్టర్‌లో రాసే నంబరు) వేయించాడు. తొమ్మిదో రోజు ఫోన్ చేసి రమ్మన్నారు. నా టెన్త్ మెమో మీద జెమ్ క్లిప్పు తుప్పు మరక పడి ఉంది. ఆ మరక ఇప్పటికీ ఉంది, ఎక్కడ ఒరిజినల్ చూపించినా "ఇదేంటమ్మా" అని అడుగుతారు.

ఇన్‌వార్డ్‌లో అసలు తీసుకోకపోతే గొడవ పడకండి, ప్రిన్సిపాల్ పేరు మీద పోస్టులో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి స్పీడ్ పోస్టే. రసీదు దాచుకుని, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి ఆ లెటర్ కాపీకి పిన్ను కొట్టి పెట్టుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒకరి దగ్గర ఉంచిన వస్తువు తిరిగి ఇప్పించమని దావా వేయడానికి లిమిటేషన్ మూడేళ్లు, కానీ ఆ మూడేళ్లు మొదలయ్యేది మీరు అడిగి వాళ్లు నిరాకరించిన రోజు నుంచి. అంటే 2012 నుంచి ఆలస్యమైపోయిందే అని భయపడక్కర్లేదు. కానీ రాసి అడిగి, వాళ్లు కాదన్నాక మాత్రం గడియారం మొదలవుతుంది, అప్పుడు మళ్లీ ఐదేళ్లు పక్కన పడేయకండి.

15 రోజులు దాటినా కదలకపోతే? యూజీసీ 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త రెగ్యులేషన్స్ తెచ్చింది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది 15 పని దినాల్లో తేల్చాలి, ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ ఆంబుడ్స్‌పర్సన్‌కు (ఇలాంటి అప్పీళ్లు వినే వ్యక్తికి) అప్పీలు చేసుకోవచ్చు. ఆ పోస్టులో రిటైరైన వీసీ, ప్రొఫెసర్ లేదా మాజీ జిల్లా జడ్జి ఉంటారు. ఫీజు కట్టించుకోవడం కోసం సర్టిఫికెట్లు తొక్కిపెట్టడం కూడా ఆ రెగ్యులేషన్స్‌లో ఫిర్యాదు కిందకే వస్తుంది. "మీరిప్పుడు మా స్టూడెంటే కాదు" అని మెలిక పెట్టే అవకాశం ఉంది. అయినా పెట్టండి, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కూడా పెట్టండి. తేలినా తేలకపోయినా ఒక నంబరు వస్తుంది, రేపు హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే "ఇన్ని చోట్ల అడిగాను" అని చూపించడానికి ఆ నంబర్లే ఆధారం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడం కూడా ఇలాగే, కలెక్టరు మీ సమస్య తీర్చేస్తారని కాదు, అక్కడి నుంచి కాలేజీకి ఒక కాగితం వెళ్తుంది.

కన్స్యూమర్ కోర్టుకు వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. విద్యార్థి వినియోగదారుడు కాదని సుప్రీంకోర్టు 2010లో సుర్జీత్ కౌర్ కేసులో అంది, ఆ విషయంలో ఇంకా వాదోపవాదాలు ఉన్నాయి కానీ మీ పని ఆ వాదనల మధ్య ఇరుక్కోవడం నాకిష్టం లేదు.

ఇంకా ప్రమాదకరమైన సలహా ఇంకొకటి తిరుగుతుంటుంది: "సర్టిఫికెట్లు పోయాయని పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చి డూప్లికేట్ తీసుకోండి, తేలిక." అవి ఎక్కడున్నాయో మీకు తెలుసు. తెలిసి పోయాయని అఫిడవిట్ ఇవ్వడం నేరం. అసలే ఒక కేసు ఉంది, ఇంకోటి ఎందుకు? దాని బదులు డిజిలాకర్‌లో (సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో ఉంచే ప్రభుత్వ యాప్) చూడండి. అందులో బోర్డు నేరుగా పెట్టిన మెమోకి ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉందని ఐటీ నిబంధనల్లో 2017లోనే చేర్చారు. పాత సంవత్సరాలవి అన్నీ దొరకవు, మీది ఉంటే అడ్మిషన్ పని ఆగదు.

పేరు తేడాకు వస్తాను. టెన్త్ మెమోలో ఉన్న పేరే మీ పేరు అనుకోండి, చదువు విషయంలో మిగతావన్నీ దానికే తెచ్చుకోవాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఆధార్‌లో వేరేగా ఉంటే, చదువు కాగితాలను ఆధార్‌కు మార్చే పని పెట్టుకోకండి, అది కొండను తవ్వడమే. ఇంటర్ మెమోలో తప్పుంటే టెన్త్ కాపీ జతచేసి ఇంటర్ బోర్డుకు కరెక్షన్‌కు పెట్టుకోవాలి. చాలాచోట్ల మీరు చదివిన జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ ఫార్వర్డింగ్ లెటర్ అడుగుతారు. ఈలోపు అడ్మిషన్ గడువు దాటిపోతుందనుకుంటే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ తీసుకుని దానితో చేరండి, కరెక్షన్ వెనకాల వస్తుంది.

నా డిగ్రీ మెమోలో పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. యూనివర్సిటీలో అడిగితే గెజిట్‌లో వేయించుకుని రమ్మన్నారు. గెజిట్ అనేది పేరు మార్చుకునేవాళ్ల కోసం. నేను నా పేరు మార్చుకోలేదు, వాళ్లు మార్చారు! ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే ఉంది. అప్పుడు సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద ఒక దరఖాస్తు పెట్టాను. మా కాలేజీ ఆ ఏడాది పరీక్షలకు పంపిన నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితాలో) నా హాల్ టికెట్ నంబరున్న పేజీ సర్టిఫైడ్ కాపీ కావాలని, అంతే, ఒక్క పేజీ. ఇరవై ఎనిమిదో రోజు వచ్చింది. అందులో నా పేరు అక్షరం పొల్లు పోకుండా సరిగ్గా ఉంది, కింద మా ప్రిన్సిపాల్ సంతకం, పక్కన యూనివర్సిటీ రౌండ్ సీలు. అంటే తప్పు వాళ్ల కంప్యూటర్ ఎంట్రీలో జరిగింది. ఆ పేజీ జతచేసి మళ్లీ లెటర్ పెట్టాను, ఈసారి గెజిట్ మాట ఎవరూ ఎత్తలేదు, కరెక్షన్ ఫీజు కూడా అడగలేదు.

ఆర్టీఐ గురించి రెండు మాటలు, చాలామంది దాన్ని తప్పుగా వాడి తర్వాత పనిచేయదంటారు. "ఎందుకు ఇవ్వలేదు" అని అడక్కండి, ఆ చట్టం ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డు ఇప్పించడానికే తప్ప, జవాబు రాయించడానికి కాదు. "ఫలానా తేదీన ఫలానా ఇన్‌వార్డ్ నంబరుతో నేనిచ్చిన దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గర ఉంది, వారు ఏం రాశారు, ఆ నోట్ ఫైల్ కాపీ ఇవ్వండి" అని అడగండి. ఈ ఒక్క వాక్యానికి ఫైళ్లు కదలడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సమాచారం వచ్చేలోపే అసలు పని అయిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఎందుకు కావాలో మీరు చెప్పక్కర్లేదు, అడిగినా చెప్పక్కర్లేదు. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ పెడితే సరిపోతుంది. మన రెండు రాష్ట్రాల్లో మండల స్థాయి ఆఫీసుకైతే 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే నిరాకరించినట్టే లెక్క, ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు, దానికీ దిక్కులేకపోతే 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. సమాచార అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. కమిషన్ దాకా వెళ్తే మాత్రం నెలలు కాదు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది, ఆ ఆశ మీద అడ్మిషన్ ఆపుకోకండి.

మీ కాలేజీ ప్రైవేటుదన్నారు. ప్రభుత్వ ఎయిడ్ గణనీయంగా అందుకునే కాలేజీలు ఆర్టీఐ కిందకు వస్తాయని 2019లో డీఏవీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీది అన్‌ఎయిడెడ్ అయితే నేరుగా కుదరదు, యూనివర్సిటీకే పెట్టండి. ఆ కాలేజీ నుంచి యూనివర్సిటీ చట్టప్రకారం తెప్పించుకోగలిగిన సమాచారాన్ని కూడా మీరు అడగొచ్చు. అదే దరఖాస్తులో ఇంకో ప్రశ్న కూడా కలపండి: మీ బ్యాచ్ బ్యాక్‌లాగ్ వాళ్లకు వన్ టైమ్ ఛాన్స్ ఏమైనా ఇచ్చారా, ఇస్తే ఆ సర్క్యులర్ కాపీ. యూనివర్సిటీలు అప్పుడప్పుడూ పాత బ్యాచ్‌లకు అలా అవకాశం ఇస్తుంటాయి. రెండు పేపర్లతో తేలిపోయేదానికి మూడేళ్లు మళ్లీ చదవడం ఎందుకు? అది లేదని తేలితే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఎలాగూ ఉంది, 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీగా పెట్టింది చదువు మధ్యలో ఆగిన మనలాంటివాళ్లకు కూడా.

అన్నీ గెలిచానని అనుకోకండి. ఒక సబ్జెక్టులో మూడు మార్కులతో పోయాను, ఖాయంగా వాళ్ల తప్పే అనుకుని నా జవాబుపత్రం కాపీకి ఆర్టీఐ పెట్టాను. రాసినవాళ్లకు తమ జవాబుపత్రం చూసుకునే హక్కు ఉందని 2011లోనే సుప్రీంకోర్టు ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పింది కాబట్టి ఇవ్వక తప్పలేదు. వచ్చింది. కూర్చుని మార్కులు నాలుగుసార్లు కూడి చూశాను, మొత్తం సరిగ్గానే ఉంది. ఐదో జవాబు ప్రశ్నకు సంబంధం లేకుండా రాశాను, ఎగ్జామినర్ ఎర్రపెన్నుతో అడ్డంగా గీత కొట్టి పక్కన సున్నా పెట్టాడు. న్యాయమైన సున్నా. ఆ కాగితాలు ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ఇక కేసు. ఇది మీకు అన్నిటికంటే పెద్దగా కనిపిస్తోంది, నిజానికి చదువు వరకు ఇదే అన్నిటికంటే చిన్నది. కేసు నడవడం అంటే నేరం రుజువవడం కాదు. ఓపెన్ యూనివర్సిటీ అప్లికేషన్‌లో కేసుల గురించి అడగకపోతే మీరై చెప్పాల్సిన పని లేదు. అడిగితే మాత్రం దాచకండి. రేపు డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగానికి వెళ్తే వెరిఫికేషన్ ఫారంలో ఈ ప్రశ్న తప్పకుండా ఉంటుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది, చిన్న కేసైతే దాచినా యజమాని క్షమించే వీలుందని అంది కానీ, ఆ దయ మీద ఆధారపడే బదులు ఉన్నది ఉన్నట్టు రాయడం నయం. చిన్న కేసుల్లో తరచూ కేసు కంటే దాచడమే పెద్ద తప్పయి కూర్చుంటుంది.

మీ మీద ఏ సెక్షన్లు పెట్టారో ముందు చూడండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కోర్టులో కేసుకు నంబరు పడి ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే గుర్తింపు నంబరు) కొడితే వాయిదాలన్నీ కనిపిస్తాయి. గొడవ 2024 జూలై 1కి ముందు జరిగితే పాత ఐపీసీ 323, 504, 506 లాంటివి ఉంటాయి, తర్వాతైతే దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో 115(2), 352, 351. మామూలు దెబ్బలు, తిట్లు, బెదిరింపు వరకే అయితే అవతలివాళ్లు ఒప్పుకుంటే రాజీ అవుతుంది, ఆ రాజీకి చట్టంలో నిర్దోషిగా విడుదలైనంత విలువ ఉంది. లోక్ అదాలత్‌లో పెట్టించుకుంటే ఒక్క రోజులో అయిపోతుంది. కర్రతో, రాయితో అని రాసి 324 కూడా చేర్చి ఉంటే మాత్రం కింది కోర్టులో రాజీ కుదరదు, ఇద్దరూ రాజీపడ్డారని హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాలి. అయ్యే పనే, కాకపోతే కాస్త ఖర్చు.

రాజీకి వెళ్లేటప్పుడు గోడ సంగతి కూడా అదే రోజు తేల్చుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన కేసు రాజీ చేసుకుని గోడ అలాగే వదిలేశాడు, ఆర్నెల్లకు మళ్లీ అదే గోడ, అదే స్టేషన్.

పరీక్ష రోజే వాయిదా పడితే ఏంటి అని మీరు అడగలేదు కానీ అది జరిగి తీరుతుంది, నా క్లయింట్లలో చదువుకునేవాళ్లందరికీ ఒక్కసారైనా జరిగింది. ఊరికే ఎగ్గొడితే వారంట్ వస్తుంది. ముందురోజే హాల్ టికెట్ జిరాక్స్, టైమ్‌టేబుల్ మీ లాయరుకు ఇచ్చి ఆబ్సెంట్ పిటిషన్ వేయించండి. కోర్టు విధానాల పాత చట్టం సీఆర్‌పీసీలో 317, దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 355, కోర్టు హాల్లో మాత్రం అందరూ ఇంకా 317 అనే అంటారు. 45 ఏళ్ల ఆవిడ బీఏ పరీక్ష కోసం వేసినప్పుడు జడ్జిగారు హాల్ టికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ సబ్జెక్టు?" అని అడిగారు. పొలిటికల్ సైన్స్ అన్నాను. అనుమతిచ్చి, వాయిదా పరీక్షలన్నీ అయ్యాక వేశారు.

లాయరు ఖర్చు గురించి భయపడకండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితిలోపు ఉంటే ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం చెప్తోంది. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చేయండి. ఉచితం కాబట్టి పట్టించుకోరు అనే మాట సగం నిజం. కొందరు నిజంగానే పట్టించుకోరు. అలాంటప్పుడు మార్చమని అడగొచ్చు, అది కూడా రాసి అడగండి.

మీరు ఈ వారం చేయాల్సింది ఆ ఒరిజినల్స్ లెటర్ ఒక్కటే, మిగతావి దాని వెనకాల. ఒక అట్ట ఫైలు కొని, ఇచ్చిన ప్రతి కాగితం కాపీ, పోస్టు రసీదు తేదీ వరసలో అందులో పెట్టండి. ఎవరితో ఫోన్‌లో మాట్లాడినా తేదీ, మాట్లాడినవాళ్ల పేరు, ఏమన్నారో లోపలి అట్ట మీద రాసుకోండి.

నాకు మూడు విషయాలు చెప్తే లెటర్ డ్రాఫ్ట్ రాసిపెడతాను: కాలేజీ ఎయిడెడా అన్‌ఎయిడెడా, ఆ 18,000లో రీయింబర్స్‌మెంట్ వాటా ఎంత, ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న సెక్షన్లు ఏమిటి. పేర్లు, నంబర్లు ఇక్కడ పెట్టకండి.